కాంపౌండరు కొయ్యబొమ్మలు

నంద్యాలలో ఎండాకాలం వచ్చిందంటే మనుషులకు తాగునీళ్లు కరువు గానీ, మా ఇంట్లో బొమ్మలకు ఏ కరువూ లేదు. వీధి కుళాయి దగ్గర పోట్లాడి, జుట్టు ఊడదీసుకుని నేను బిందె నింపుకొస్తే, మా ఆయన అందులోంచి ఒక గిన్నెడు ముంచుకుని, బీరువా తలుపు తీసి, బొమ్మల మధ్యలో పెట్టి, మళ్లీ తలుపు మూసేవాడు. గాలిలో తేమ లేకపోతే కొయ్య పగులుతుందట. అవి వానల దేశంలో పుట్టిన బొమ్మలట. "మేం ఎండల్లో పుట్టినోళ్లం, మేం పగిలినా ఫరవాలేదా?" అని అడిగేదాన్ని. ఆయన నవ్వేవాడు. నేను ఎంత అరిచినా దేవసహాయానికి తెలిసిన జవాబు అదొక్కటే. నవ్వే మగవాడితో పోట్లాడటం ఎంత కష్టమో పెళ్లయినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఆయన మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. నేను చిన్నబడిలో టీచరును. యుద్ధం రోజుల్లో ఆయన మిలిటరీ ఆస్పత్రిలో పనికి చేరాడు. యుద్ధం ముగిశాక మన పటాలాలను కొన్నింటిని జపానుకు కాపలాకు పంపితే, వాటి వెంట ఆస్పత్రివాళ్లతో పాటు ఈయన కూడా ఓడెక్కాడు. పోయినవాడు పోయినట్టు తిరిగి రాక, ఈ బొమ్మల పిచ్చిని వెంటబెట్టుకుని వచ్చాడు.

వాటి పేరు నెట్సుకె. నేను "నెత్తికెక్కినవి" అనేదాన్ని. జపానువాళ్లు పూర్వం తొడుక్కునే బట్టలకు జేబులుండవట. పొగాకు తిత్తో, మందుల డబ్బీయో తాడుకు కట్టి, నడుముకు చుట్టుకున్న పట్టీలోంచి వేలాడదీసుకునేవాళ్లట. తాడు జారిపోకుండా పట్టీ పైన అడ్డంగా ఈ బొమ్మ ఉంటుంది. రేగుపండంత, మహా అయితే నిమ్మకాయంత. వెనకవైపు తాడు దూర్చడానికి రెండు బొక్కలు. ఈ వివరమంతా ఆయన మొదటిసారి చెప్పినప్పుడు మా అత్త దేవమ్మ ఒకటే మాట అడిగింది. "మనం వక్కాకు తిత్తి రొండిన దోపుకుంటే యా బొమ్మా లేకుండానే నిలబడలేదా? దాని కోసం ఇంత పనేమిట్రా?" దానికీ నవ్వే జవాబు.

ఊళ్లో ఎవరైనా సిగరెట్లు మానలేరు, ఎవరైనా సినిమాలు మానలేరు. ఈయన బొమ్మలు మానలేకపోయాడు. తన లాగా జపాను పోయి వచ్చిన సిపాయిలు జిల్లాలో ఎక్కడెక్కడున్నారో ఆరా తీసి, సెలవు దొరికితే బస్సెక్కేవాడు. పాములపాడులో ఒక మాజీ హవల్దారు ఇంట్లో తాళంచెవుల గుత్తికి కొయ్య కప్ప ఒకటి వేలాడుతుంటే, దానికి బదులు ఇత్తడి గొలుసు కొనిచ్చి తెచ్చుకున్నాడు. గుంతకల్లులో రైల్వే గార్డు మనవడు పళ్లొచ్చే వయసులో ఒక కొయ్య ఎలుకను కొరుకుతుంటే, వాడికి రబ్బరు బంతి చూపించి ఏమార్చాడు. ఆ ఎలుక వీపు మీద ఇప్పటికీ పంటి గాట్లున్నాయి. ఆస్పత్రి దొరసాని తన దేశానికి తిరిగిపోతూ, కాయలోంచి తొంగిచూసే పురుగు బొమ్మ ఒకటి ఇచ్చి పోయింది. అలా ఒక్కొక్కటే చేరాయి.

ఏది పాతదో ఏది కొత్తదో ఆయన వేలితో చెప్పేవాడు. బొక్క అంచు తడిమి చూస్తాడు. తాడు రాసుకుని రాసుకుని నున్నగా అరిగి ఉంటే, అది నిజంగా ఎవరి నడుముకో ఏళ్ల తరబడి వేలాడిందన్నమాట. అంచు పదునుగా ఉంటే బజారులో సిపాయిలకు అమ్మడానికి చెక్కింది. అలాంటివి ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకునేవాడు కాదు.

ఇంటికొచ్చినవాళ్లు మాత్రం తలా ఒకటి అనేవాళ్లు. పక్కింటి ఉమామహేశ్వరమ్మ బొజ్జ సన్నాసి బొమ్మను చూసి తొండం లేని వినాయకుడనుకుని కళ్లకద్దుకుంది. అది మా సంఘం పెద్ద గురవయ్య కంట పడింది. "దేవసహాయం, ప్రార్థనకు ముందు వరసలో కూచునేటోడివి, ఇంట్లో విగ్రహాలేందప్పా?" అన్నాడు. "నేను దీనికి దండం పెట్టంగా చూసింటే చెప్పు అన్నా, రేపే పొయిలో పెడతా" అన్నాడు ఈయన. గురవయ్య చూడలేదు కాబట్టి బొమ్మలు పొయ్యిలోకి పోలేదు. ఆ విషయంలో నాకు గురవయ్య మీద కోపమే. ఇంకాస్త గట్టిగా అని ఉండాల్సింది.

ఇంతకూ అసలు బొమ్మ సంగతి చెప్పాలి. అది బీరువాలో ఉండదు, ఆయన చొక్కా జేబులో ఉంటుంది. మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, చెంప కింద చెయ్యి పెట్టుకుని, పక్కకు తిరిగి నిద్రపోయే పసిబిడ్డ. అన్నిటికంటే ముందు వచ్చింది అదే.

ఆయన మిలిటరీకి పోయేనాటికి నేను కడుపుతో ఉన్నాను. సెలవు ఇస్తామని ఇస్తామని అట్నుంచి అటే జపాను పంపారు. ఇక్కడ ఆడపిల్ల పుట్టింది. మా అత్త దానికి జీవమ్మ అని పేరు పెట్టింది. ఫోటో తీయించి పంపమని ఆయన రాసేవాడు. ఆ రోజుల్లో ఫోటో అంటే కర్నూలు పోవాలి. పంట చేతికొచ్చాక పోదామనుకున్నాం. ఈలోగా ఊళ్లో మశూచి వచ్చింది. జీవమ్మకు ఏడాది నిండలేదు. కబురు అందినప్పుడు ఆయన కురే అనే ఊళ్లో రోగుల మంచాల మధ్య నిలబడి ఉన్నాడట. ఆ వార్డు ఊడ్చే ముసలి జపానువాడు అది చూశాడు. ఇద్దరికీ భాష తెలియదు. ముసలాయన నడుముకున్న తిత్తి తాడు విప్పి, ఈ బొమ్మ తీసి, ఈయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, చీపురు తీసుకుని వెళ్లిపోయాడట. మర్నాడు తిరిగి ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడట.

ఇంటికొచ్చిన రోజు ఆయన ఇదంతా చెప్పి, దాన్ని నా చేతిలో పెట్టబోయాడు. "బిడ్డకు బదులు కొయ్యముక్క తెచ్చినావా?" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు. కన్నదాన్ని నేను, పోగొట్టుకున్నదాన్ని నేను. నాకు కావాల్సింది కొయ్య కాదు. అప్పటినుంచి ఆయన ఆ బొమ్మను నాకు చూపలేదు, నేను ముట్టుకోలేదు. జీవమ్మ పేరు ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తర్వాత పౌలు పుట్టాడు, పెరిగాడు, గుత్తిలో ఉద్యోగానికి పోయాడు. ముప్పై ఏళ్లు అట్లాగే గడిచిపోయాయి. మిగతా బొమ్మలన్నీ ఆయన ఆ ఒక్కదానికి తోడు కోసమే చేరుస్తున్నాడని నాకు తెలుసు. తెలిసినా నీళ్ల గిన్నె మీద పోట్లాట మాత్రం మానలేదు. దేని మీదో ఒకదాని మీద పోట్లాడాలి కదా.

డెబ్భై ఎనిమిది మేలో, ఒకరోజు మధ్యాహ్నం ఆయన ఆస్పత్రి నుంచి రాగానే చెప్పులు విప్పుకోవడానికి వంగాడు. జేబులోంచి బొమ్మ జారి నేల మీద పరిచిన బేతంచెర్ల బండ మీద పడింది. చిన్న చప్పుడే. చూస్తే పాదం ఒకటి విరిగి గడప అవతలికి దొర్లింది. ఆయన నేల మీద కూచుని ఆ ముక్కను వెతికి, అగ్గిపెట్టెలో పుల్లలన్నీ పారబోసి, అందులో పెట్టుకున్నాడు. ఆ పూట అన్నం తినలేదు. "వయసు పైబడింది, చేతులు పట్టు తప్పినాయి" అని నేనేదో అన్నాను. నవ్వలేదు. ఆయన నవ్వకపోవడం నేను చూడటం అదే మొదలు, నాకు భయమేసింది.

నంద్యాల వడ్రంగులు తలుపులు చేస్తారు, కాడిమాన్లు చేస్తారు. కందిగింజంత పాదాన్ని అతికేవాళ్లు లేరు. ఎవరో ఆళ్లగడ్డ పొమ్మన్నారు. అక్కడ దేవుళ్లను చెక్కే చేతులకు ఇదొక లెక్కా అన్నారు. ఆదివారం ప్రార్థన అయిపోగానే బస్సెక్కి పోయాడు. రోడ్డు పక్కన కొట్టాలలో చెక్కుతున్నవాళ్లను చూసుకుంటూ పోయి, విగ్రహాల వేళ్లు అందరికంటే సన్నగా తీసే చెన్నకేశవులు అనే ఆయన దగ్గర ఆగాడట.

"ఏందప్పా ఇది?" అన్నాడట చెన్నకేశవులు.

"చూడు. కాలు విరిగింది. బాగు చేయాల."

"అయ్యో, భిన్నమైపోయిందే!"

"అందుకే కదా నీ కాడికి తెచ్చింది."

"సరేలే. మంచి పని, ఏ ఊరి పనో. చేస్తా గానీ, ఇడిసిపెట్టి పో. పున్నమి దాటినాంక రా."

అగ్గిపెట్టె కూడా ఆయన చేతికే ఇచ్చి వచ్చేశాడు. ముప్పై ఏళ్లలో ఆ బొమ్మ ఆయన జేబులో లేని రోజులు అవే. మాటిమాటికీ చెయ్యి జేబు మీదికి పోయేది. ఆస్పత్రిలో మందు కలుపుతూ కూడా తడుముకునేవాడట. ఇంట్లో కూచున్నా, దానికి తేమ ఉందో లేదో, ఆళ్లగడ్డ కొట్టంలో ఎండ ఎక్కువేమో అని ఒకటే గొణుగుడు. బడికి సెలవులు, ఈ గొణుగుడు పడలేక, పున్నమి దాటగానే నేనే బయల్దేరదీశాను. మా రోలు అరిగిపోయింది, ఆళ్లగడ్డలో మంచి రోలు దొరుకుతుందని ఆయనకు చెప్పాను. అది నిజమే గానీ, అసలు కారణం ఆయన్ని ఒంటరిగా పంపబుద్ధి కాకపోవడం.

చెన్నకేశవులు నలభై ఏళ్ల మనిషి. తలనిండా తెల్లటి రాతిపొడి, అందుకని అరవై ఏళ్లవాడిలా కనిపించాడు. మమ్మల్ని చూడగానే ఉలి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, లోపలికి పోయి ఒక గుడ్డమూట తెచ్చి విప్పాడు. ముఖం వెలిగిపోతోంది.

అందులో నల్లరాతి బిడ్డ ఉంది. అదే పరిమాణం, అదే ముడుచుకున్న మోకాళ్లు, చెంప కింద అదే చెయ్యి. రెండు పాదాలూ ఉన్నాయి. వేళ్లకు గోళ్లు కూడా ఉన్నాయి. కాకపోతే ఆ బిడ్డ నిద్రపోవడం లేదు. కళ్లు తెరిచి చూస్తోంది.

"కండ్లు మూసుకోనుంటే ఎట్లప్పా" అన్నాడు చెన్నకేశవులు. "పండుకున్న రంగనాయకులకైనా కండ్లు తెరిచే చేస్తాం మేం. ఆకరున మంచి గడియ చూసి తెరిచినా. నచ్చిందా?"

మా ఆయన రాతిబొమ్మను చూడటం లేదు. "పాతది?" అన్నాడు.

"నీళ్లకిచ్చినా."

"ఏందీ?"

"భిన్నమైంది కదప్పా. భిన్నమైంది ఇంట్లో పెట్టుకోగూడదు, కొట్టంలో గూడా పెట్టగూడదు. ఎవరన్నా ఇరిగింది తెచ్చినారంటే, కొత్తది చేసి, పాతదాన్ని నీళ్లకిస్తాం. మా తాతల కాలం నుంచి అంతే. కొట్టం ఎనక పాడుబాయి ఉంది, ఆడనే." అప్పటికి గానీ మా ముఖాలు సరిగ్గా చూడలేదు. గొంతు తగ్గింది. "మీకు తెలీదా? అందరూ అందుకే తెస్తారే."

మాకెలా తెలుస్తుంది? మేం ఏనాడైనా విగ్రహం ఇంట్లో పెట్టుకున్నవాళ్లమా, విరిగితే ఏం చేయాలో తెలియడానికి? చెన్నకేశవులుకేమో, ఇది తెలియనివాళ్లు కూడా భూమ్మీద ఉంటారని తెలియదు. మా ఆయన అక్కడే ఒక మొరటు బండ మీద కూచుండిపోయాడు. చెయ్యి జేబు మీదికి పోయింది. జేబు ఖాళీ. మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.

ఆ చెయ్యి చూసేసరికి నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో ఒకరి మీద పడాలి, చెన్నకేశవులు ఎదురుగా ఉన్నాడు. "బాగు చేయమని ఇచ్చిపోతే బాయిలో పారేస్తావా? అడిగేదానికి నోరు లేదా నీకు? అదేమన్నా గుళ్లో దేవుడా? పసిబిడ్డ బొమ్మ!"

"పసిబిడ్డ అయితే ఏందమ్మా? బాలకృష్ణుడూ పసిబిడ్డే కదా. నేను అట్లనే అనుకుంటి."

"దాన్ని పారేయడానికి నీకు చేతులెట్లా వచ్చినాయి?"

"పారేయలేదు తల్లీ." ఆ మాటకు మాత్రం అతనికి నిజంగా కష్టమేసింది. "పసుపు నీళ్లతో కడిగినా. కొత్త గుడ్డలో చుట్టినా. ఇరిగిన పాదం గూడా దాంట్లోనే పెట్టినా. కర్పూరం ఎలిగించి, నా పెండ్లాం, నేను ఇద్దరం తీసకపోయి ఇడిస్తిమి. తేలింది. కొయ్య కదా, నాకు తోచలే, రాయి మునిగినట్ల మునుగుతాదనుకున్నా. మళ్లీ తీసి, ఎనక రెండు బొక్కలుంటే దాంట్లో పురికొస దూర్చి, రాతిముక్క కట్టి ఇడిసినా. మీ బిడ్డ మాదిరే చూసినాం."

మీ బిడ్డ మాదిరే. ఎవరితో ఏం అంటున్నాడో ఆ మనిషికి తెలియదు. మా ఆయన తల ఎత్తలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవడం నేను చూడలేదు. జపాను నుంచి వచ్చినప్పుడు కూడా చూడలేదు. అప్పుడు ఏడ్చి ఉంటే బాగుండేది. ఇద్దరం కలిసి ఏడ్చి ఉండేవాళ్లం.

"బాయి యాడుంది?" అని అడిగాను.

"తీయగూడదమ్మా. నీళ్లకిచ్చింది మళ్లీ తీయగూడదు. నా ఉలి ఆడదు. నాకు పిల్లలున్నారు."

"నాకూ ఉండె" అన్నాను. ఇక దాచడానికి ఏముంది? ఊరు గాని ఊళ్లో, ముక్కూ ముఖం తెలియని మనిషి ముందు, ముప్పై ఏళ్లుగా మొగుడితో చెప్పనిదంతా చెప్పేశాను. జీవమ్మ అని ఒక పిల్ల ఉండేదని. దాని నాయన దాన్ని చూడలేదని. అది పోయిన రోజున ఎవరో ముసలాయన తన నడుము నుంచి తీసి ఇచ్చిన బొమ్మ అని. "మశూచితో పోయిన బిడ్డను ఇంట్లో నిమిషం ఉంచనీలేదు. నా ఒళ్లోంచి లాక్కపోయి సమాధుల తోటలో పెట్టినారు. ఒకసారి అట్ల ఇచ్చినా. ఇంకొకసారి ఇయ్యను."

చెన్నకేశవులు భార్య లోపలి నుంచి వచ్చి గుంజ పట్టుకుని నిలబడింది. ఆమె కళ్లు తుడుచుకుంటోంది, అయినా బావి వైపు మాత్రం చూడటం లేదు. వాళ్ల భయం నాటకం కాదు. నాకు అది కనిపిస్తూనే ఉంది, అయినా నేను వెనక్కి తగ్గేటట్టు లేను.

చివరికి అతను తల గోక్కుంటూ, తనలో తాను మాట్లాడుకున్నట్టు అన్నాడు. "కొత్త విగ్రహం గుళ్లో నిలబెట్టే ముందర దాన్ని గూడా నీళ్లలోనే పెడతారు. పండబెట్టి కొన్ని దినాలు ఉంచుతారు. ఆ తరువాత మంత్రం చెప్పి పైకి తీస్తారు. తీసినాంకనే దేవుడు." భార్య వైపు చూశాడు. "అవును కదా మే? అవే నీళ్లు కదా?"

ఆమె తలూపింది.

"అయితే ఇది గూడా అట్ల అనుకుంటా. పంపినాం అనుకోను, పండబెట్టినాం అనుకుంటా." నా వైపు తిరిగాడు. "గానీ నేను తీయనమ్మా. పండబెట్టినోడు తీయగూడదు. మీరే తీసుకోండి. మీరు మీ ప్రార్థన ఏముంటే అది చేసుకోండి."

పాతాళగరిగె ఎక్కడి నుంచో అతనే తెచ్చిచ్చాడు. బావిలో పడిన బొక్కెనలు తీసే కొక్కేల గుత్తి అది. వేసవి కాబట్టి నీళ్లు అడుగున పచ్చగా ఉన్నాయి. ఆ అడుగున ఎన్ని తలలు లేని దేవుళ్లు పడుకుని ఉన్నారో! మా ఆయన తాడు పట్టుకుని వదిలాడు. మొదట తుప్పు పట్టిన బొక్కెన పిడి వచ్చింది. తర్వాత నాచు వచ్చింది. మూడోసారి ఏదో తగిలి, సగం దూరం వచ్చి జారిపోయింది. ఆయన ఎంతో జాగ్రత్తగా, దెబ్బ తగులుతుందేమో అన్నట్టు లాగుతున్నాడు. అట్లా లాగితే ఏదీ రాదు.

"ఇటియ్యి" అన్నాను. నీళ్లు చేదడం నాకు పుట్టినప్పటి నుంచీ పని. ఆయన దగ్గర తాడు లాక్కుని, అడుగు దాకా వదిలి, గోడ వారనే తిప్పుతూ పోయాను. ఒకచోట కొక్కెం పట్టింది. బరువు లేదు, పట్టు మాత్రం ఉంది. ఆగకుండా చేదాను. పైకి వచ్చేసరికి పురికొస కొక్కేనికి మెలిపడి ఉంది, ఒకవైపు రాతిముక్క, ఒకవైపు పసుపురంగు గుడ్డ.

గుడ్డ విప్పింది నేనే. నిద్రపోయే బిడ్డ. తడిసి కొయ్య నల్లబడింది. విరిగిన పాదం గుడ్డ మడతలోనే ఉంది. అంతకు ముందు నేను దాన్ని ఏనాడూ ముట్టుకోలేదు కదా, అది అరచేతిలో అట్లా ఇముడుతుందని నాకు తెలియదు. కోణం లేదు, గుచ్చుకునే చోటు లేదు. పట్టుకుంటే మూసుకున్న వేళ్లు తెరవబుద్ధి కాదు. ఎవరి చేతుల్లో అరిగిందో అంత నున్నగా! నా ఏడుపు నాకు వినిపించింది. దేవసహాయం నా చేతిని తన రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. ప్రార్థన చేస్తాడనుకున్నాను, చేయలేదు. ఊరికే పట్టుకుని నిలబడ్డాడు.

రాతిబొమ్మను చెన్నకేశవులు తిరిగి తీసుకోనన్నాడు. "మీ కోసరం కండ్లు తెరిచింది. ఇంకెవరికిస్తా?" అని నా కొంగులో పెట్టాడు. రోలు సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

బస్సులో కిటికీ పక్కన కూచున్నాం. తడికొయ్య ఒక్కసారిగా ఆరితే పగులుతుందని ఆయన బొమ్మను అదే తడిగుడ్డలో చుట్టి, చొక్కా లోపల పెట్టుకున్నాడు. చొక్కా ముందంతా తడిసింది. రాతిబిడ్డ నా ఒళ్లో ఉంది. బస్సు కుదుపుకు దొర్లిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. సిరివెళ్ల దాటింది. ఆయన వంగి నా ఒళ్లోకి చూస్తున్నాడు. ఆ తెరిచిన కళ్లనే చూస్తున్నాడు.

"పాపవి" అన్నాడు. ఆగి మళ్లీ మొదలుపెట్టాడు. "జీవమ్మవి కండ్లు ఎట్లుండె ఎస్తేరూ?"

ముప్పై ఏళ్లుగా ఆ మాట అడిగితే ఏం చెప్పాలో నా దగ్గర సిద్ధంగా ఉంది. అడిగినవాళ్లే లేరు.

"పెద్దవి" అన్నాను. "నీ మాదిరే. నవ్వితే రెండూ మూసుకపోయేటివి. ఊరికే నవ్వేది. ఎంత అరిచినా నవ్వేది. దాని మీద కోపం చేసుకునేదానికే అయ్యేది కాదు."

"జుట్టు?"

"పుట్టినప్పుడే మెడ దాకా ఉండె. మీ యమ్మ రోజూ ఆముదం రాసేది. వద్దంటే వినేది కాదు."

"ఇంకా?"

దీపం చూస్తే చేతులు చాపేదని చెప్పాను. బోర్లా పడి, ముందుకు పాకబోయి వెనక్కి పోయేదని, పోయి మంచం కింద ఇరుక్కుని కేకలు పెట్టేదని చెప్పాను. మీ నాయన వస్తాడంటే తలుపు వైపు తిరిగేదని చెప్పాను. అదొక్కటి చెప్పి కిటికీ వైపు తిరిగాను. ఆయన నా చేతి మీద చెయ్యి వేశాడు. ఆయన చెయ్యి జేబు మీదికి పోలేదు. నేను మళ్లీ చెప్పసాగాను.

బస్సు ఎప్పుడు ఆగిందో తెలియలేదు. అందరూ దిగిపోయారు. కండక్టరు వచ్చి మా సీటు రాడ్డు మీద తట్టాడు.

"నంద్యాల వచ్చిండాదప్పా. దిగల్ల."

దేవసహాయం లేవలేదు. అతని వైపు చూడను కూడా చూడలేదు.

"ఇంకా చెప్పు" అన్నాడు.